పిల్లలతో చారిత్రక ఇంటి మ్యూజియం చూడటం ఎలా: ఎంపిక నుంచి తిరుగు దారి దాకా

పేరున్న మనుషులు బతికిన ఇళ్ళను ఉన్నవి ఉన్నట్టు కాపాడి మ్యూజియాలుగా ఉంచినవి ప్రపంచమంతటా ఉన్నాయి. పెద్దలు వాటిని ఇష్టంగా చూస్తారు. పిల్లలు మాత్రం రెండో గదికే "ఇంకెంతసేపు?" అని మొదలుపెడతారని చాలామంది వాపోతారు. నాకు ఆ తప్పు పిల్లలది అనిపించదు. ఆరేళ్ళ పిల్లకి ఒప్పందాలూ ఉద్యమాలూ తెలియకపోవచ్చు గానీ ఇల్లంటే ఏమిటో క్షుణ్ణంగా తెలుసు. ఎవరు ఎక్కడ పడుకుంటారు, రాత్రి మెలకువ వస్తే దీపం ఎక్కడుంటుంది, పెద్దవాళ్ళు ఏ గదిలోకి రానివ్వరు, ఎక్కడ దాక్కుంటే దొరకం అన్నవి ఆమెకి మనకన్నా బాగా తెలుసు. అలాంటి పిల్లని గుమ్మం దాటగానే గోడ మీది పలక ముందు నిలబెట్టి, పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం చదివించేది మనమే. ఇంటిని ఇల్లుగా చూడనిస్తే సగం పని అయిపోతుంది. మిగతా సగం ఏర్పాట్లు. ఐదు నుంచి పన్నెండేళ్ళ మధ్య పిల్లల్ని మనసులో పెట్టుకుని వాటిని వరసగా చెబుతున్నాను.

1. ఇల్లు ఎంచుకోవడం

ప్రసిద్ధి చూసి ఎంచుకోకండి. ఆ ఇంట్లో పిల్లలు పెరిగారా అన్నది ముందు చూడండి. ఇంగ్లండులో చార్లెస్ డార్విన్ 1842 నుంచి 1882లో చనిపోయేదాకా ఉన్న డౌన్ హౌస్ దీనికి మంచి ఉదాహరణ. పరిణామ సిద్ధాంతం ఎనిమిదేళ్ళ వాడికి అర్థం కానక్కర్లేదు. ఆ ఇంటి పిల్లలు మెట్ల మీద చెక్క జారుడుబల్ల వేసుకుని జారేవారనీ, తండ్రి వాడేసిన రాతప్రతుల వెనక బొమ్మలు గీసేవారనీ చెబితే చాలు, వాడు ఆ ఇంటికి చుట్టమైపోతాడు. తోటలో డార్విన్ రోజూ నడిచిన దారి ఉంది. ఎన్ని చుట్లు తిరిగాడో లెక్క తప్పకుండా కొన్ని రాళ్ళు పేర్చుకుని, చుట్టుకొకటి పక్కకి తన్నేవాడట. పిల్లలు అదే దారిలో అదే లెక్కతో నడవొచ్చు.

తర్వాత చూడాల్సింది, లోపల తిరగడం ఎలా ఉంటుందన్నది. కొన్ని ఇళ్ళలో గదిలోకి అడుగుపెట్టొచ్చు, తాడు కట్టిన చోట ఆగాలి. కొన్నిటిలో బయటి నుంచే చూడాలి. ప్రయాగ్‌రాజ్‌లోని ఆనంద్ భవన్‌లో నెహ్రూ కుటుంబం వాడిన గదుల్ని వరండాల్లోంచి అద్దాల గుండా చూస్తాం. పొట్టి పిల్లల్ని ఎత్తుకోవాల్సి వస్తుంది, మీ భుజాలకి ముందే చెప్పి ఉంచండి. ఇంకొన్ని చోట్ల గైడు వెంట గుంపుగానే వెళ్ళాలి. 1863లో కట్టిన అద్దె వాటాల భవనంలో వలస కుటుంబాల బతుకు చూపించే న్యూయార్క్ టెనిమెంట్ మ్యూజియం అలాంటిది. గైడుతో నడిచే పద్ధతి ఏడెనిమిదేళ్ళు దాటిన, మాటలు వినే అలవాటున్న పిల్లలకి చాలా బాగుంటుంది. నాలుగేళ్ళ వాడికి మాత్రం నరకమే. మధ్యలో బయటికి రావడానికి వీలుండదు.

విషాదం జరిగిన ఇళ్ళ విషయంలో ఒక్క క్షణం ఆలోచించండి. ఢిల్లీలో సఫ్దర్‌జంగ్ రోడ్డులోని ఇందిరా గాంధీ ఇంట్లో, 1984 అక్టోబరు 31న ఆమె కట్టుకున్న చీరను ప్రదర్శనలో ఉంచారు. చూడకూడదని కాదు. మలుపు తిరగగానే హఠాత్తుగా కనబడటం వేరు, "ఆ గదిలో ఇది ఉంటుంది, వద్దనుకుంటే మనం తోటలోకి పోదాం" అని ముందే చెప్పి తీసుకెళ్ళడం వేరు.

2. బయల్దేరే ముందు కనుక్కోవాల్సినవి

వెబ్‌సైటులో దొరక్కపోతే ఫోన్ చేయండి. ఇంటి మ్యూజియాల్లో చాలావరకు సిబ్బంది తక్కువ, పిల్లలతో వస్తున్నామంటే ఓపిగ్గా చెబుతారు. మీరు అడగాల్సింది టికెట్ ధర ఒక్కటే కాదు.

పిల్లల బండి లోపలికి రానిస్తారా? పాత ఇళ్ళలో గుమ్మాలు ఇరుకు, మెట్లు నిటారు. చాలాచోట్ల బండి బయటే పెట్టమంటారు, అప్పుడు చంటిపిల్లని ముందువైపు కట్టుకునే సంచి కావాలి. మరుగుదొడ్డి ఇంట్లో ఉందా, తోట అవతల ఉందా? మధ్యలో బయటికొస్తే అదే టికెట్‌తో మళ్ళీ వెళ్ళనిస్తారా? పిల్లల కోసం ప్రశ్నల కాగితమో, ముట్టుకుని చూసే వస్తువులో ఉన్నాయా? బడి పిల్లల బృందాలు ఏ వేళల్లో వస్తాయి? ఆఖరి ప్రశ్నని ఎవరూ అడగరు గానీ నా లెక్కలో అదే ముఖ్యం. నలభై మంది పిల్లలు చిన్న పడగ్గదిలోకి దూరిన వేళలో మీ పిల్లలకి కనబడేది ముందువాళ్ళ వీపులే. వేళ ఎంచుకునే వీలుంటే తెరవగానే వెళ్ళిపోండి.

కొన్ని ఇళ్ళకి వేళ నిర్ణయించిన టికెట్ ముందుగా కొనాల్సిందే. ఆమ్‌స్టర్‌డామ్‌లోని అనె ఫ్రాంక్ (నాజీల నుంచి దాక్కుని డైరీ రాసిన యూదు బాలిక) ఇంటికి ఆన్‌లైన్‌లో మాత్రమే టికెట్లు అమ్ముతారు. గుమ్మం దాకా వెళ్ళి కొనుక్కుందాం అంటే కుదరదు.

3. ముందు రోజు పది నిమిషాలు

అంతకన్నా ఎక్కువ వద్దు. జీవిత చరిత్ర మొత్తం చెప్పేస్తే వెళ్ళి చూడటానికి ఏమీ మిగలదు. ఒక మనిషి, ఒక చిక్కు, వెతకాల్సిన ఒక వస్తువు. ఈ మూడూ చాలు.

వస్తువుని బాగా ఎంచుకోండి. అమెరికాలో జార్జ్ వాషింగ్టన్ ఇల్లు మౌంట్ వెర్నన్‌లో గోడకి ఒక పెద్ద తాళంచెవి వేలాడుతుంటుంది. అది ఆ ఇంటిది కాదు. పారిస్‌లో 1789లో జనం పడగొట్టిన బాస్టీల్ జైలుది. ఫ్రెంచి సేనాని లఫాయెట్ దాన్ని వాషింగ్టన్‌కి కానుకగా పంపాడు. "ఒక జైలు తాళంచెవి ఇంకో దేశంలో, ఒకాయన ఇంటి గోడ మీద ఉంది, కనిపెట్టగలవా?" అంటే ఏ పిల్లవాడు ఊరుకుంటాడు?

అమెరికా మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ తన ఇల్లు మాంటిచెల్లోలో పెట్టించిన గడియారమూ అలాంటిదే. ఫిరంగి గుళ్ళలాంటి బరువులు తాడుకి వేలాడుతూ రోజురోజుకీ కిందికి దిగుతాయి, గోడ మీద వారాల పేర్లుంటాయి. తీరా బిగించాక గది ఎత్తు చాలలేదు. నేలకి కన్నం పెట్టించి బరువుల్ని కిందికి దించారు. శనివారం గుర్తు నేలమాళిగలోకి పోయింది. "శనివారం ఎక్కడుందో వెతుకు" అని చెప్పి వదిలేయండి.

4. సంచి

చిన్నదిగా ఉండాలి. వీపున వేసుకునే బ్యాగులు వెనక్కి తిరిగినప్పుడల్లా ఏదో ఒకదాన్ని తాకుతాయి. అందుకే చాలాచోట్ల ముందుకి వేసుకోమనో, బయట పెట్టమనో అంటారు. ఒక పెన్సిలు, కొన్ని కాగితాలు, వాటికి వెనక దన్నుగా ఒక అట్ట పెట్టుకోండి. పెన్ను, స్కెచ్ పెన్నులు ఇంట్లోనే వదిలేయండి. సిరా మరక పాత గుడ్డ మీద పడితే పోదు, పెన్సిలు గీత పడినా ఏదో చేయొచ్చు. నీళ్ళూ తినుబండారాలూ లోపల తెరవనివ్వరు కాబట్టి కడుపు నింపుకునే వెళ్ళండి. ఆకలితో ఉన్న పిల్లవాడికి షేక్‌స్పియర్ పుట్టిన మంచమైనా ఒకటే. మెత్తని, చదునైన చెప్పులు వేయండి, పాత చెక్క నేలల మీద సన్నటి మడమలు గుంటలు పెడతాయి. ఈ మాట పిల్లలకన్నా తల్లులకే.

5. గుమ్మం దగ్గర

నియమాలు చెప్పాల్సింది ఇక్కడ, లోపల కాదు. "ముట్టుకోకు" అని ఊరికే అంటే పిల్లల చెయ్యి అటే పోతుంది. కారణం చెబితే వాళ్ళే కాపలాదారులవుతారు. మన వేళ్ళకి ఎప్పుడూ కాస్త జిడ్డూ ఉప్పూ చెమటా ఉంటాయి. ఇత్తడి మీద వేలిముద్ర పడితే కొన్నాళ్ళకి లోహాన్నే తినేస్తుంది. ఒక్క వేలితో ఏమీ కాదు, రోజూ వందల వేళ్ళు తగిలితే గిల్టు ఊడిపోతుంది, గుడ్డ నలుపెక్కుతుంది. నమ్మకపోతే ఫోన్ తెర తుడిచి వేలు నొక్కమనండి, వెలుగులో వంచి చూపించండి.

గదులు చీకటిగా ఉంటాయనీ ముందే చెప్పండి. లేకపోతే చిన్నపిల్లలు భయపడతారు. గుడ్డలు, కాగితాలు, నీటిరంగు బొమ్మలు ఉన్నచోట వెలుగుని దాదాపు 50 లక్స్ (వెలుగుని కొలిచే ప్రమాణం) దగ్గర ఉంచడం మ్యూజియాల్లో ఆనవాయితీ. అంటే మన ఇళ్ళలో చదువుకునే దీపం కన్నా బాగా తక్కువ. వెలుగు వల్ల పోయిన రంగు మళ్ళీ రాదు, ప్రతి రోజు పడిన వెలుగూ ముందు రోజుల దానికి కలుస్తూనే ఉంటుంది. ఫ్లాష్ వద్దనేది కూడా ఇందుకే. పెద్ద పిల్లలకి దీన్నే ఆటగా ఇవ్వొచ్చు. కిటికీకి దగ్గరి కుర్చీ గుడ్డకీ, మూలనున్న కుర్చీ గుడ్డకీ రంగులో తేడా ఉందేమో చూడమనండి. చాలా ఇళ్ళలో ఉంటుంది.

చేతులు వెనక్కి కట్టుకుని నడవడం, తాడుకి ఒక అడుగు దూరంలో ఆగడం, ఏదైనా చూపించాలంటే వేలితో కాక మాటతో చెప్పడం. ఈ మూడోది ఎందుకో వాళ్ళకి భలే నచ్చుతుంది. "ఎడమ పక్క, పచ్చ డబ్బా మీద, తోక విరిగిన గుర్రం" అని వర్ణించడంలో వాళ్ళు నిజంగా చూడటం మొదలుపెడతారు.

6. లోపల

ఇంట్లో ఎన్ని గదులున్నా మూడింటినే నిదానంగా చూడండి. మిగతావి దాటుకుంటూ పోండి. ఏ మూడు? ఒకటి పిల్లలే ఎంచుకోవాలి, ఒకటి మీరు, మూడోది వంటగది. వంటగది ఎందుకంటే చాలా ఇళ్ళలో కాలం తేడా అన్నిటికన్నా అక్కడే స్పష్టంగా తెలుస్తుంది. గొప్ప గదిలో సోఫా ఇప్పటికీ సోఫాయే. వంటగదిలో మాత్రం ప్రతి వస్తువూ ఒక పొడుపుకథ.

గదిలోకి వెళ్ళగానే ఏమీ చెప్పకండి. ఒక నిమిషం వాళ్ళని చూడనివ్వండి. మీరూ ఒకసారి మోకాళ్ళ మీద కూర్చుని వాళ్ళ ఎత్తు నుంచి చూడండి. మీకు బల్ల పైభాగం కనబడితే వాళ్ళకి బల్ల అడుగు కనబడుతుంది. మంచం కింది పాత్ర మీకంటే ముందు వాళ్ళకే దొరుకుతుంది.

ఆ పాత్రతోనే మొదలుపెట్టండి, సిగ్గుపడక్కర్లేదు. కుళాయి లేని ఇంట్లో రాత్రి అవసరం వస్తే ఏం చేసేవారు, పొద్దున్నే దాన్ని ఎవరు మోసుకెళ్ళేవారు, స్నానానికి నీళ్ళు ఎక్కడ కాచి ఎన్ని మెట్లెక్కించేవారు? ఈ ప్రశ్నలు నవ్వుతో మొదలై పనివాళ్ళ దగ్గరికి తీసుకెళ్తాయి. తర్వాత వెలుగు. కొవ్వొత్తుల వెనక అద్దమో మెరుగుపెట్టిన లోహపు పళ్ళెమో ఎందుకు పెట్టారు? ఉన్న కాస్త వెలుగుని రెట్టింపు చేసుకోవడానికి. పెద్ద ఇళ్ళలో గోడ పక్కన తాడో మీటో ఉంటే, అది లాగితే తీగ కదిలి ఎక్కడో కింద పనివాళ్ళ గదిలో గంట మోగేది. ఆ గంటల వరస ఎక్కడుందో వెతకమనండి. ఒక్కో గంట ఒక్కో గదిది.

మంచం దగ్గర పిల్లలు తప్పకుండా అనే మాట ఒకటుంది: "ఇంత పొట్టి మంచమా! అప్పట్లో మనుషులు పొట్టివాళ్ళా?" కొందరు పెద్దలు, ఒక్కోసారి గైడులు కూడా, అవునంటారు. అంత తొందరపడకండి. ఎత్తైన స్తంభాలూ పందిరీ తెరలూ దిండ్ల కుప్పా ఉన్న మంచం దాని అసలు పొడవు కన్నా పొట్టిగా కనబడుతుంది. కొలిస్తే చాలావరకు ఇప్పటి మంచాలకి దగ్గరగానే ఉంటాయి. "కొలత ఎంతో అడుగుదాం" అని సిబ్బంది దగ్గరికి పంపండి. పలకలో లేని ప్రశ్న అడిగిన పిల్లలంటే వాళ్ళకి ప్రాణం.

మెక్సికోలో చిత్రకారిణి ఫ్రీడా కాలో ఇంట్లో మంచం పందిరికి లోపలివైపు అద్దం బిగించి ఉంటుంది. 1925లో బస్సు ప్రమాదం తర్వాత పడుకునే బొమ్మలు వేయాల్సి వచ్చింది. ఎదురుగా కనబడేది తన ముఖమే కాబట్టి దాన్నే వేసింది. ఇలాంటి వస్తువు ముందు పిల్లల్ని తొందరపెట్టకండి. ఆ ఒక్క అద్దం దగ్గరే పావుగంట గడిచినా నష్టం లేదు.

ఇక పదేళ్ళు దాటినవాళ్ళకి నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటి: ఇది నిజంగా ఆయన కుర్చీయేనా? మీకెలా తెలుసు? ఇంటి మ్యూజియాల్లో కొన్ని వస్తువులు ఆ ఇంటివి, కొన్ని ఆ కాలానివి కానీ ఇంకెక్కడివో, కొన్ని కొత్తగా చేయించినవి. ఆమ్‌స్టర్‌డామ్‌లో చిత్రకారుడు రెంబ్రాంట్ ఇంటి సంగతి చూడండి. 1656లో ఆయన దివాలా తీశాడు. అప్పులవాళ్ళ కోసం అధికారులు ఇంట్లో ఉన్న వస్తువులన్నిటినీ గది గదికీ రాసుకున్నారు. సామాను వేలంలో పోయింది, జాబితా మిగిలింది. ఏ గదిలో ఏముండేదో ఆ జాబితా చూసే మ్యూజియం వాళ్ళు మళ్ళీ అమర్చారు. ఆయన దురదృష్టమే మనకి ఇంటి పటం ఇచ్చింది. దీనికి పూర్తి భిన్నంగా లండన్‌లో వాస్తుశిల్పి సర్ జాన్ సోన్ 1833లో ఏకంగా పార్లమెంటు చట్టమే తెచ్చుకున్నాడు, తాను పోయాక ఇంటిని ఉన్నదున్నట్టు ఉంచాలని. 1837లో ఆయన పోయాడు, ఇల్లు ఇప్పటికీ మ్యూజియమే.

అనె ఫ్రాంక్ దాక్కున్న గదుల్లో సామానే లేదు. అరెస్టుల తర్వాత నాజీలు ఖాళీ చేయించారు. తండ్రి ఒట్టో ఫ్రాంక్ వాటిని అలాగే ఖాళీగా ఉంచమన్నాడు. ఏమీ లేని గదిలో పిల్లలేం చూస్తారనుకోకండి. గోడ మీద అనె అంటించుకున్న సినిమా తారల బొమ్మలున్నాయి. ఇంకో చోట పిల్లల ఎత్తు కొలిచి గీసిన పెన్సిలు గీతలున్నాయి. 1942 జులై నుంచి 1944 ఆగస్టు దాకా బయటికి రాలేని పిల్ల ఎంత ఎదిగిందో ఆ గీతలు చెబుతాయి. అక్కడ మీరేమీ వివరించక్కర్లేదు.

7. గైడు ఉంటే

మొదట్లోనే వెళ్ళి "మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు, ఇదీ తను వెతుకుతున్న వస్తువు" అని చెవిన వేయండి. మంచి గైడు ఆ మాట పట్టుకుని ఆమెతోనే మాట్లాడతారు. గుంపులో పిల్లల్ని ముందు నిలబెట్టి మీరు వెనక ఉండండి. సమాధానాలు మీరు అందించకండి. ఇది మాటల్లో తేలిక, ఆచరణలో కష్టం.

8. పని చేసినవాళ్ళ గురించి

గొప్పవాళ్ళ ఇళ్ళలో చాలాకాలం పాటు యజమాని కథ ఒక్కటే చెప్పారు. ఇప్పుడు చాలాచోట్ల మారుతోంది. మాంటిచెల్లో సంగతే తీసుకుంటే, మనుషులంతా సమానంగా పుట్టారని 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలో రాసిన జెఫర్సన్ తన జీవితకాలంలో 600 మందికి పైగా మనుషుల్ని బానిసలుగా ఉంచుకున్నాడు. వాళ్ళు ఉన్న చోటు, పని చేసిన దారి ఇప్పుడు సందర్శనలో భాగం. ఇంటిని చూసి అక్కడికి వెళ్ళకుండా తిరిగి రావద్దు. పిల్లలు "మంచివాడా చెడ్డవాడా?" అని అడుగుతారు. ఒక్క ముక్కలో తేల్చేయకుండా "ఆయన రాసింది ఇది, చేసింది ఇది, నీకేమనిపిస్తోంది?" అనండి. ఆరేళ్ళవాళ్ళు కూడా అన్యాయాన్ని గుర్తుపట్టడంలో చాలా చురుకు.

చావు గురించి కూడా అంతే. ఢిల్లీ గాంధీ స్మృతిలో, 1948 జనవరి 30న గాంధీ గది నుంచి ప్రార్థన స్థలానికి నడిచిన దారిలో సిమెంటు అడుగులు పోశారు. పిల్లలు ఆ పక్కనే నడుస్తూ వెళ్ళి అవి ఆగిపోయిన చోట ఆగుతారు. అప్పుడు ప్రశ్న వాళ్ళే అడుగుతారు. అబద్ధం చెప్పకండి, వర్ణించకండి కూడా. "ఒకతను కాల్చాడు, ఇక్కడే పడిపోయారు" అంటే చాలు.

9. ఏదైనా తేడా వస్తే

ఏడుపు మొదలైతే బతిమాలడం మానేసి తోటలోకి వచ్చేయండి, ఇద్దరు పెద్దలు వెళ్తే ఇందుకే మంచిది. ఏదైనా పడిపోయినా విరిగినా ముక్కలు ఏరకండి, అతికించే ప్రయత్నం చేయకండి, దాచేయడం అసలు వద్దు. పిల్లవాణ్ణి అక్కడ తిట్టడం మానేసి వెంటనే సిబ్బందికి చెప్పండి. ముక్కలు పడినవి పడినట్టే ఉంటే మరమ్మతు చేసేవాళ్ళకి పని సులువవుతుంది. చేతికందే చోట ఉంచినవి చాలాసార్లు నకళ్ళే కాబట్టి గుండె జారిపోనక్కర్లేదు.

10. ఎప్పుడు బయటపడాలి

చిన్నపిల్లలతో ముప్పావుగంట, పెద్దపిల్లలతో గంటన్నర దాటనివ్వకండి. ఇంకా చూడాలని ఉన్నప్పుడే లేవండి. టికెట్ డబ్బు గిట్టుబాటు చేసుకోవాలని ఆఖరి గది దాకా ఈడ్చుకెళ్తే పిల్లలకి గుర్తుండేది కాళ్ళ నొప్పే. దుకాణానికి వెళ్ళేట్టయితే లోపలికి పోకముందే ఒప్పందం చేసుకోండి. ఒక పోస్టుకార్డు, ఇంతే అని. తాము చూసిన వస్తువు బొమ్మ ఉన్న కార్డే ఎంచుకోమంటే ఇంకా మంచిది.

దారిలో "ఏం నేర్చుకున్నావు?" అనకండి, పరీక్షలా ఉంటుంది. "ఆ ఇంట్లో నీకు ఏ గది ఇస్తే ఉంటావు?" అనండి. ఇంటికొచ్చాక ఓపికుంటే జ్ఞాపకం మీద ఇంటి పటం గీయనివ్వండి. తలుపులు తప్పుచోట పడతాయి, ఒక గదే మాయమవుతుంది. దిద్దకండి. జవాబు దొరకని ప్రశ్న ఏదైనా మిగిలితే పిల్లల చేతే మ్యూజియానికి రాయించండి, మంచం పొడవు ఎంత అన్నదైనా సరే. జవాబు వస్తే దాన్ని ఆ పటం వెనక అంటించండి. మళ్ళీ వెళ్ళినప్పుడు మొదటి గది నుంచి కాకుండా, పటంలో మాయమైన గదికే నేరుగా వెళ్ళొచ్చు.